అగరొత్తి ఆరేలోగా

నీ గిన్నెలోనే తిందయ్యా. పక్కన అన్ని గిన్నెలు బోర్లించి ఉంటే, సరిగ్గా నీకని పెట్టిన గిన్నే దొరికిందా ఆ పిల్లకి? నీ గిన్నె, నువ్వు అన్నం తినే పుల్లలు. గుడ్డు కూడా నీదే. పులుసు లోపలికి దిగాలని ఆ గుడ్డుకి గాట్లు పెట్టి, నీకోసం విడిగా ఉడికించాను. రెండు ముక్కలు చేసి మింగేసింది.

నవ్వకు. ఫొటోలో నువ్వెప్పుడూ నవ్వుతూనే ఉంటావులే, నాకు తెలీదా? తీయించుకున్న రోజే చెప్పాను, పోయాక పెట్టుకునే ఫొటోలో అలా పళ్లు కనపడకూడదని. విన్నావా? నేనేం చెప్పినా ఇన్నేళ్లుగా పళ్లికిలిస్తూనే వింటున్నావు. ఇవాళ ఒక్కరోజు మొహం కాస్త సరిగ్గా పెట్టు. నీ తద్దినం ఇవాళ.

అదిగో, పడుకుంది చూడు. ఫ్యాను కింద, చాప మీద. ఆ వీపుసంచి పక్కనే ఉంటే ఇంకో మనిషి కూడా పడుకున్నట్టుంది కదూ? దాన్ని మోసుకుంటూ ఈ ఎండలో తిరిగిందట. ఇదేం సరదానో. మెల్లగా మాట్లాడతాలే, లేస్తే మళ్లీ ఆ ఫోను పట్టుకుని మొదలుపెడుతుంది.

తప్పు నాది కూడా ఉందనుకో. బీరు పోశాక చూస్తే ఐసు లేదు. ఏప్రిల్ నెల, వాన చుక్క లేదు, గోడ ముట్టుకుంటే కాలుతోంది. ఈ వేడికి బీరు అలాగే పెడితే ఏడాది పొడుగునా కలలోకొచ్చి సాధిస్తావు. ఐసు కొట్టేవాడు మునుపు ఎదురుగానే ఉండేవాడు, ఇప్పుడు లేడు. ఎందుకు లేడో తర్వాత చెబుతా. పెద్ద రోడ్డు దాకా వెళ్లాల్సొచ్చింది.

అప్పటికి అన్నీ సక్రమంగానే చేశాను. కొబ్బరినీళ్లలో ఉడికించిన పందిమాంసం, మాంసం కూరిన కాకరకాయల చారు, ఊరగాయ ఆకులు, చేపరసంలో నీకు కావలసినన్ని మిరపకాయలు. అగరొత్తి వెలిగించి నీ పేరు మొత్తం చెప్పాను. లామ్ వాన్ క్వీ, ఇవాళ నీ తద్దినం, ఇంటికొచ్చి తిను అని. ఆ పేరుతో నిన్ను పిలిచిన వాళ్లెవరు ఈ సందులో? వరసలో ఏడోవాడివని ఊరందరికీ ఏడో అన్నవి. నిన్ను కట్టుకున్న పాపానికి నేను ఏడో వదిన.

ఐసు సంచి పట్టుకుని, నీళ్లు కారుకుంటూ, రొప్పుకుంటూ వచ్చేసరికి ఇదిగో ఈ పిల్ల. నీ ఫొటో పెట్టిన పీఠానికి ఎదురుగా, మఠం వేసుకోవడం చేతకాక కాళ్లు ఒక పక్కకి మడిచి, నీ అన్నం తింటోంది. మొహం ఉడికిన రొయ్యలా ఎర్రగా అయిపోయి ఉంది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. బూట్లు మాత్రం గుమ్మం బయటే విప్పింది, అది మెచ్చుకోవాలి.

"ఆగు" అని అరిచాను. ఆగలేదు. నోటినిండా ముద్ద పెట్టుకుని, బాగుందని నాకు బొటనవేలు చూపించింది.

నాకు ఒళ్లు మండిపోయిందయ్యా. అగరొత్తి సగం కూడా కాలలేదు. అది ఆరేదాకా ఆ అన్నం నీది. నువ్వు తిన్నాకే ఎవరైనా. పాకే పిల్లలు కూడా చేయి పెట్టరు, వాళ్లమ్మలు కొట్టి నేర్పిస్తారు. ఏడాదికొకసారి నువ్వు ఇంటికొచ్చి కూర్చుంటే, నీ ముందే నీ గిన్నె లాక్కుని తినేసింది ఎవరో దేశం కాని దేశం నుంచి వచ్చి.

ఏమిటి నీ పని అని అడిగితే ఫోను తీసి దాంతో ఏదో చెప్పింది. ఆ ఫోను మన భాషలో, రేడియోలో వార్తలు చదివేవాడి గొంతుతో ఏమందో తెలుసా? "గౌరవనీయురాలైన యజమానురాలా, మీ భోజనశాల మిక్కిలి రుచికరము. ధరల పట్టిక ఎచ్చట కలదు?"

భోజనశాల అట. విన్నావా?

అప్పుడు కోపం వచ్చింది కానీ, ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తుంటే ఆ పిల్లని ఏమనాలో తెలియడం లేదు. ఈ సైగాన్‌లో ఏది ఇల్లు, ఏది హోటలు? మన సందులో మూడో వదిన పాతికేళ్లు నూడుల్స్ అమ్మింది కదా, పొయ్యి వెనకే మంచం, మంచం మీద మనవడు, తినేవాళ్ల కాళ్ల మధ్య నుంచి పిల్లి. నువ్వే అనేవాడివి, "మొదటిరోజు వచ్చినవాళ్లకి మన గుమ్మాలు కనపడవే, తిండి కనపడితే కూర్చుంటారు" అని. మన గుమ్మం మీద గదులు అద్దెకని రాసిన బోర్డు కూడా నేనింకా తీయలేదు. తలుపు బార్లా తీసి ఉంది, వంటల వాసన, తిరుగుతున్న ఫ్యాను, వరసగా గిన్నెలు. ఆకలితో వచ్చిన మనిషి ఇంకేమనుకుంటుంది చెప్పు?

కానీ అప్పుడు ఇంత ఆలోచన ఎక్కడిది? ఆ ఫోను మొహానికి నా నోరు దగ్గర పెట్టి గట్టిగా చెప్పాను. ఇది హోటలు కాదు. ఇది నా ఇల్లు. ఆ ఫొటోలో ఉన్నాయన నా మొగుడు. ఇవాళ ఆయన పోయిన రోజు. నువ్వు తింటున్నది ఆయన అన్నం.

నా కోపాన్ని ఆ ఫోను వాళ్ల భాషలోకి ఎలా మార్చిందో ఏమో. ఆ పిల్ల నీ ఫొటో వైపు చూసింది. అగరొత్తి చూసింది. చేతిలో గిన్నె చూసుకుంది. నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తెలియక అలాగే ఉండిపోయింది పాపం. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. గిన్నె రెండు చేతులా పట్టుకుని నీ పీఠం మీద మళ్లీ పెట్టబోయింది, అందులో ఏముందని, నాలుగు మెతుకులు తప్ప? తర్వాత నీకు వంగి వంగి దండాలు. సంచి భుజాన వేసుకోబోతే ఒక పట్టీ తెగి అక్కడే కూలబడింది.

నువ్వైతే ఏం చేసేవాడివో నాకు తెలుసు. తొడ చరిచి నవ్వేవాడివి. నేను అలా నవ్వలేను.

"కూర్చో, తిను" అన్నాను. "సగంలో లేస్తే ఆయనకి కోపం వస్తుంది" అన్నాను. అదేం ఆచారం అని అడక్కు. అప్పటికప్పుడు నేనే కల్పించాను. నీకు ఇంకో గిన్నె పెట్టాను, ఇంకో అగరొత్తి వెలిగించాను, కూరగిన్నె అడుగున ఉన్న ఇంకో గుడ్డు నీకు వేశాను. నీ బీరులో ఐసు వేశాను. దానికీ ఒక గ్లాసు పోశాను. ఎందుకో చెప్పనా?

ఒక్కరు కూడా రాలేదయ్యా.

పొద్దుట్నుంచీ ఒక్కరు రాలేదు. పోయినేడు గుర్తుందా, చాపలు సందులోకి వేయాల్సొచ్చింది, మోటారుసైకిళ్లు పోనివ్వడం లేదని గొడవ కూడా అయింది. ఇవాళ అలాగే వండాను. రారని తెలుసు, అయినా చేయి ఆగలేదు. గిన్నెలన్నీ కడిగి బోర్లించాను. నీ తద్దినానికి వచ్చిన చుట్టం ఈ పిల్ల ఒక్కతే. దాన్ని కూడా తిట్టి పంపేస్తే ఈ కూరంతా ఎవరికి పెట్టను?

పేరు నేజా అట. దేశం పేరు ఫోను చెప్పింది కానీ నాకు నోరు తిరగలేదు. కొండలట, మంచట. వాళ్ల ఊరు ఊరంతా కలిపినా మన సందులో ఉండే జనమంత ఉండరట. ఇంటి ముందు మంచు పారతో ఎత్తి పోసి విమానమెక్కిందట, దిగితే సైగాన్. ఇక్కడ ఇదే దానికి మొదటిరోజు.

మొదటిరోజు అనగానే నువ్వు ముందుకి వంగినట్టనిపించింది.

రిక్షా తొక్కిన రోజుల్నించీ నీకదే పిచ్చి కదా. పైన రెండు గదులూ అద్దెకిచ్చాక మరీ ముదిరింది. కొత్తగా దిగిన వాళ్లని సాయంత్రం గుమ్మం ముందు కూర్చోబెట్టి, నీకొచ్చిన ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, "ఇవాళ ఏం చూశావు?" అని అడగడం. వాళ్లు చేతులు తిప్పుకుంటూ చెప్పడం. తర్వాత నువ్వొచ్చి నేను గిన్నెలు తోముతుంటే నా వెనక నిలబడి అదంతా అప్పజెప్పడం. నేను విన్నానా? పనున్న దాన్ని విసిగిస్తావేం అనేదాన్ని. "మూడో రోజుకి వీళ్లు కూడా మనలాగే అయిపోతారే, ఏమీ కనపడదు, మొదటిరోజే అడగాలి" అనేవాడివి.

అందుకని నేనే అడిగాను. నీ తరఫున. ఏం చూశావు పిల్లా అని.

చెప్పనా మరి? విను.

విమానాశ్రయంలోంచి బయటికి రాగానే మొహాన వేడిగాలి కొట్టిందట. ఏదో బస్సు ఇంజను పక్కన నిలబడ్డాననుకుని పక్కకి జరిగిందట. అక్కడా అదే వేడి. ఇంకా పక్కకి జరిగిందట. అలా జరుగుతూ జరుగుతూ పోతే, అది ఇంజను కాదు, ఊరే అంత అని తెలిసిందట. నేను నవ్వాను. నిజంగా నవ్వానయ్యా, నీ తద్దినం రోజు.

తర్వాత రోడ్డు దాటడం. దీన్ని నువ్వు ఎన్నిసార్లు చెప్పించుకుని ఉంటావు? అయినా విను. పెద్ద రోడ్డు పక్కన ఎంతసేపు నిలబడిందో దానికే తెలీదట. బళ్లు ఆగుతాయని చూసిందట. ఎందుకాగుతాయి? చివరికి లాటరీ టిక్కెట్లు అమ్ముకునే ముసలామె ఒకావిడ మణికట్టు పట్టుకుని, బళ్ల వైపు తలైనా తిప్పకుండా, కూరగాయల సంచిని లాక్కెళ్లినట్టు లాక్కెళ్లి అటు వైపు వదిలిపెట్టిందట. టిక్కెట్టు కొనమని కూడా అడగలేదట. ఆ పిల్ల అది చెబుతూ మణికట్టు చూసుకుంది. ఇల్లు వదిలి బయల్దేరిన ఈ రెండు రోజుల్లో తనని ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతేనట.

ఇంకోటి. మోటారుసైకిలు మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు హ్యాండిల్ మీద పెట్టుకుని నిద్రపోతున్నవాణ్ణి చూసి చచ్చిపోయాడనుకుందట. దగ్గరికెళ్లి ఊపిరి ఆడుతోందా అని వంగి చూస్తే వాడు కళ్లు తెరిచి, "ఎక్కడికెళ్లాలి?" అన్నాడట. ఇంత ఎండలో ఆడవాళ్లు మొహానికి గుడ్డలు, చేతికి తొడుగులు, కాళ్లకి మేజోళ్లు వేసుకుని బళ్ల మీద పోతుంటే ఊళ్లో ఏదో అంటురోగం ఉందనుకుందట. నల్లబడతామని అలా కప్పుకుంటాం, అంతే అన్నాను. తన ఎర్రటి చేతులు చూసుకుని, మా దగ్గర నల్లబడాలనే ఇలా వస్తాం అంది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఏం లోకమో.

ఎంత బాగుంది అనుకున్నాను. అది చెబుతుంటే మన పెద్ద రోడ్డు నాకు కనపడింది. ఇందాకే అక్కడికెళ్లొచ్చాను కదా ఐసుకి, ఏం చూశాను? ఏమీ లేదు. నువ్వు నా వెనక నిలబడి చెబుతున్నప్పుడు ఒక్కసారైనా ఈ తోమే గిన్నె కింద పెట్టి నీ వైపు తిరగాల్సింది. ఇప్పుడేం లాభంలే.

అంతా బాగానే ఉంది. ఆ తర్వాత అడిగింది.

"మీ సందులోకి రాగానే చాలా ఆనందం కలిగినది" అంది ఆ ఫోను. "ప్రతి తలుపు మీదా ఎర్ర రంగుతో చక్కటి గుర్తు రాసి ఉన్నది. ఇది ఏ పండుగ?"

నేను దాని గ్లాసులో ఇంకో ఐసు ముక్క వేశాను.

"మీ తలుపుకి మాత్రం గుర్తు కనపడలేదు. మీకు ఆ పండుగ లేదా?"

ఉంది. మన తలుపుకీ ఉందయ్యా. నువ్వు గుమ్మంలోంచే కదా వస్తావు. వస్తూ అది చూడకూడదని దాని మీద క్యాలెండరు వేలాడదీశాను. కొంచెం పెద్ద క్యాలెండరు, బియ్యం కొట్టువాడు ఇచ్చింది. నువ్వు చూశావో లేదో నాకు తెలీదు. చూసే ఉంటావు. పోయినవాళ్లకి క్యాలెండరు అడ్డమా?

అవును, పండగే అన్నాను ఆ పిల్లతో. మాకు కూడా ఉంది అన్నాను. శుభాకాంక్షలు అని చెప్పింది ఫోను. ఇంకో ముక్క మాంసం పెట్టాను. తిని, గ్లాసు ఖాళీ చేసి, కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగి నిద్రపోయింది. దాని సంగతి అయిపోయింది. ఇక నీతో ఉంది అసలు మాట.

పొద్దుట్నుంచీ చెప్పాలని చూస్తున్నాను. వంట చేస్తూ చెబుదామనుకున్నాను, ముందు తిననీ అనుకున్నాను. ఈ పిల్ల మీద ఇంతసేపు ఫిర్యాదు చేసింది కూడా అందుకే.

మనకి అద్దెకిచ్చిన ఇంటాయన ఈ వరస ఇళ్లు మొత్తం అమ్మేశాడు. ఇక్కడ పెద్ద హోటలు లేస్తుందట, ఎన్ని అంతస్తులో. కొత్త సంవత్సరం పండగ అయిన వెంటనే ఎర్ర రంగు డబ్బాలతో వచ్చి పడగొట్టాల్సిన తలుపులకి గుర్తులు పెట్టి వెళ్లారు. మూడో వదిన ఊరి చివరకెళ్లిపోయింది. ఐసు కొట్టేవాడు అత్తగారింటికి పోయాడు. ఇవాళ ఎవరూ రాకపోవడానికి అదే కారణం, నిన్ను మర్చిపోయి కాదు. అందరూ వెళ్లిపోయారు. నేను ఒక్కదాన్ని ఉండిపోయాను. నీ తద్దినం దాకా ఆగండి, ఆయన పాత గుమ్మానికే వస్తాడు, వేరే చోటు ఆయనకి తెలీదు అని కాళ్లావేళ్లా పడ్డాను. పాపం ఆగారు. సోమవారం మిషన్లు వస్తాయి.

ఇంకా నవ్వుతున్నావా?

నేను దియెమ్ దగ్గరికి పోతున్నాను. మా చెల్లెలు కాబట్టి రమ్మంది, బియెన్ హోవాలో రెండు గదుల ఇల్లు, నాకో మంచం వేస్తానంది. "అక్కా, నువ్వు రా. బావ సంగతే..." అని ఆపేసింది. తర్వాతది నేనే అర్థం చేసుకోవాలి కదా. వాళ్లింట్లో పోయిన దాని అత్తమామల పీఠం ఉంది. ఆ పీఠం మీద నిన్ను పెట్టలేరు. పక్కన ఇంకోటి పెట్టుకుందామన్నా దాని మొగుడి తరఫు వాళ్లు ఒప్పుకోరు, పరాయి ఇంటి పెద్దని తెచ్చి మా పెద్దల సరసన కూర్చోబెడతావా అంటారు. వాళ్ల తప్పు కాదులే. మనమైనా ఒప్పుకుంటామా?

అందుకని బుద్ధుడి గుడికి.

అలా చూడకు. మొత్తం విను ముందు. నీ బూడిద నదిలో కలపమన్నావు, కలిపాం. ఇక నువ్వుండేది ఈ అగరొత్తుల గిన్నెలోనే కదా. ఈ గిన్నె, ఈ ఫొటో తీసుకెళ్లి గుడిలో పెడతారు. నేను వెళ్లి చూసొచ్చాను. గోడకి అరలున్నాయి, అరల నిండా ఫొటోలు, బస్సులో సీట్ల లాగా పక్కపక్కనే. నీకిస్తామన్న చోటుకి ఒకపక్క ఎవరో పెద్ద ఉద్యోగం చేసినాయన ఉన్నాడు, మొహం గంటుపెట్టుకుని. ఇంకోపక్క చిన్నపిల్ల, స్కూలు బట్టల్లో ఉంది. నువ్వు మాట్లాడిస్తే ఆ పిల్ల మాట్లాడుతుంది. ఆయన సంగతి చెప్పలేను.

శాకాహారం పెడతారు. తెలుసు. టోఫు. పొద్దున టోఫు, మధ్యాహ్నం టోఫు. మాంసం లేదు, చేపరసం లేదు, బీరు అసలే లేదు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు టోఫు మొహం చూసి ఎరగవు. ఏం చేయను? నేను పున్నమికి పున్నమికి వస్తాను, రెండు బస్సులు మారాలి, అయినా వస్తాను. కానీ పందిమాంసం పట్టుకురానివ్వరు. అడిగాను. గుడిలో ఉండే చిన్న సన్యాసి ఒకడు నా మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు.

ఇక్కడ ఉన్నన్నాళ్లూ నీకు అన్నీ తెలుసు. ఏ సందు ఎక్కడికి పోతుందో, ఎవరి కుక్క కరుస్తుందో. అక్కడ కొత్తవాడివి. మొదటిరోజు ఎలా ఉంటావో ఏమో. అదే తలచుకుని నిన్న ఏడ్చాను, ఇల్లు పోతోందని కాదు.

కానీ ఒక్క మాట. మనకి పిల్లల్లేరు. నేను ఉన్నంతకాలం నీకు అన్నం పెడతాను. నేను పోయాక? ఎవరు నీ పేరు పిలిచి అగరొత్తి వెలిగిస్తారు? దియెమ్ కొడుకులా? వాళ్లకి వాళ్ల తాతల తద్దినాలే గుర్తుండవు. పిలిచేవాళ్లు లేక ఆకలితో వీధుల్లో తిరిగేవాళ్లలో నిన్ను కలపనయ్యా. ఏడో నెల పున్నమికి అలాంటి దిక్కులేనివాళ్లకని రోడ్డు మీద చల్లిన అటుకుల కోసం నువ్వు ఎవరితోనో కొట్లాడటం నేను ఊహించుకోలేను. గుడిలో అయితే రోజూ వెలిగిస్తారు. పేరు పేరునా పిలుస్తారో లేదో తెలీదు కానీ వెలిగిస్తారు.

నిన్ను అడగకుండా ఈ అగరొత్తుల గిన్నె కదపకూడదు. అది కూడా తెలుసు. అందుకే నీ మాట తెలుసుకోవడానికి రెండు నాణేలు తీశాను.

ఇవిగో. సున్నం పూసిన వైపు తెలుపు, ఇటువైపు నలుపు. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా పడితే సరేనన్నట్టు. మూడుసార్లే అడుగుతాను, అంతకంటే అడగకూడదు. దియెమ్ సాయంత్రం ఫోను చేస్తుంది, బావ ఏమన్నాడని.

లామ్ వాన్ క్వీ, గుడికి వస్తావా?

రెండూ తెలుపు. అంటే నవ్వుతున్నావన్నమాట. నాకు తెలుసు, నువ్వు ఏదీ మొదటిసారి సీరియస్‌గా తీసుకోవు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను చూడకుండా మా పిల్లిని ఆడిస్తూ కూర్చున్నావు. ఇది తమాషా కాదయ్యా. సోమవారం పైకప్పు తీసేస్తారు. నీ నెత్తిమీద ఎండ పడుతుంది.

లామ్ వాన్ క్వీ, ఏడో అన్నా, ఏమయ్యా, నేను అడుగుతున్నాను. వస్తావా?

రెండూ నలుపు.

వద్దంటున్నావా? మరెక్కడుంటావు? చెప్పు, ఎక్కడుంటావు? హోటల్లోనా? వాళ్లు కట్టే పదో అంతస్తులో, ఎవరో ఏసీ వేసుకుని పడుకున్న గదిలో మూల కూర్చుంటావా? రిక్షాల కాలం పోయినప్పుడు కూడా ఇలాగే మొండికేశావు, దాన్ని అమ్మనని. తుప్పు పట్టిపోయింది, చివరికి ఎవడూ కొనలేదు. ఏం సాధించావు? నీకు వద్దనడం తేలిక. నువ్వు వద్దంటావు, నేను మోయాలి. నువ్వు పోయిన రోజు కూడా అంతే, ఆసుపత్రి వద్దన్నావు, ఈ గదిలోనే ఉంటానన్నావు. నీ మాట విన్నాను. నీ చెయ్యి పట్టుకుని ఇక్కడే కూర్చున్నాను. ఎన్ని మాటలు వినాలి నేను?

అరుస్తున్నానా? ఆ పిల్ల కదిలింది. లేవలేదులే.

కోపం కాదయ్యా. నువ్వు ఈ ఇల్లు వదలలేవని తెలుసు. నాకు మాత్రం ఉందా వెళ్లాలని? ఆ రెండు గదుల్లో, చెల్లెలి మొగుడి ముందు గుడ్డ సర్దుకుంటూ తిరగడం నాకు ఇష్టమా? గట్టిగా మాట్లాడకూడదు అక్కడ. నీతో ఇలా మాట్లాడుతుంటే మతిపోయిందనుకుంటారు. నాకు కూడా ఎవరైనా నాణేలు వేసి అడిగి ఉంటే, రెండూ నల్లగానే పడేవి. నన్నెవరూ అడగలేదు.

ఇదే ఆఖరు. బతిమాలుకుంటున్నాను. ఈ ఒక్కసారికి ఒప్పుకో.

లామ్ వాన్ క్వీ.

ఒకటి పడింది, నలుపు. రెండోది పళ్లెం అంచు మీద తిరుగుతూనే ఉంది. చూడు, ఎలా తిరుగుతోందో. ఆలోచిస్తున్నావు కదూ. ఆలోచించు. తొందరేం లేదు.

నలుపు.

సరే.

నువ్వు చూస్తూనే ఉన్నావు కాబట్టి దాచడం దేనికి. ఇదిగో, ఒకదాన్ని నేనే వేలితో తిప్పుతున్నాను. తెలుపు ఒకటి, నలుపు ఒకటి. అయిపోయింది. ఇన్నేళ్లలో నిన్ను ఒక్కసారి మోసం చేశాను, అదీ నీ కళ్లముందే. కోపం వస్తే కలలోకొచ్చి తిట్టు. బియెన్ హోవాలో ఎక్కడ పడుకుంటానో నీకు తెలీకపోతే అడుగుతూ రా.

బావ ఒప్పుకున్నాడని దియెమ్‌కి చెప్పేస్తాను. నువ్వు కూడా ఆ అర మీద పక్కన కూర్చునే వాళ్లతో ఏదో ఒకటి వాగకు. ఎలా వచ్చావని వాళ్లడిగితే, మా ఆవిడ అడిగింది, మొదటిసారికే సరేనన్నాను అని చెప్పు.